పొత్తిళ్ళకు గుచ్చిన ఉత్తరమా!

లండన్ చీకట్లో ఓ తల్లి చేతిని వదిలి, బిడ్డ పొత్తిళ్ళను పట్టుకుని గడప దాటిన చిన్న కాగితమా, నీకు నమస్కారం!

నువ్వు రాజుల లేఖవు కావు, పండితుల లేఖవూ కావు. పేదరికం నిన్ను రాసింది. కన్నపేగు నిన్ను మడిచింది.

వీధుల్లో పసికందులు దిక్కులేక రాలిపోవడం చూడలేకపోయాడు థామస్ కోరం అనే ఓడ కెప్టెన్. గొప్పవాళ్ళ గుమ్మాల చుట్టూ పదిహేడేళ్ళు తిరిగి, 1739లో రాజు అనుమతి సంపాదించాడు. ఆ పట్టుదల లోంచి ఫౌండ్లింగ్ హాస్పిటల్ అనే దిక్కులేని పసిపిల్లల ఆశ్రమం లేచింది. 1741 మార్చి 25 రాత్రి ఎనిమిది గంటలకు దాని తలుపు మొదటిసారి తెరుచుకుంది. వచ్చే తల్లుల ముఖాలు ఎవరి కంటా పడకూడదని వాకిట్లో దీపాలు ఆర్పేశారు. ఆ ఒక్క రాత్రే 30 మంది బిడ్డలు లోపలికి వెళ్ళారు.

నీ ఊరేదని ఆ తల్లిని ఎవరూ అడగలేదు, నీ పేరేమిటనీ అడగలేదు. బిడ్డతో పాటు ఒక రాతనో గుర్తునో ఉంచమన్నారు, ఏనాడైనా తిరిగి వస్తే బిడ్డను పోల్చుకోవడానికి. ఆ చిన్న సందులోంచే కదా నువ్వు పుట్టావు!

అక్షరం వచ్చిన తల్లి నిన్ను తానే రాసుకుంది. రానిది ఇంకొకరిని బతిమాలి రాయించుకుంది. అదీ కుదరని తల్లి రిబ్బను ముక్క కట్టింది, గుడ్డ పేలిక కత్తిరించి ఇచ్చింది. నీలో ఏముంది? బిడ్డ పేరు. పుట్టిన రోజు. బాప్తిస్మం అయిందో లేదో. ఒకచోట, పిల్లను జాగ్రత్తగా చూడండి, మళ్ళీ వచ్చి తీసుకెళ్తామన్న వేడుకోలు. మరోచోట పద్యంగా మారిన దుఃఖం. కొన్ని వాక్యాల్లో ఓ తల్లి తన జన్మంతా సర్దేసింది.

లోపల గుమాస్తా కలం పట్టాడు. ఆడో మగో, వయసెంతో, ఒంటి మీద బట్టలేమిటో, పుట్టుమచ్చలేమిటో వరుసగా నింపాడు. నిన్ను ఆ పత్రానికి సూదితో గుచ్చి, మడిచి, సీలు వేసి, పైన ఒక నంబరు రాశాడు. అదే నంబరున్న సీసపు బిళ్ళ బిడ్డ మెడకు ఎక్కింది. బిడ్డకు కొత్త పేరు పెట్టారు. ఆ క్షణం నుంచి అమ్మ పెట్టిన పేరు అక్కడ నీకొక్కదానికే తెలుసు.

బిడ్డ పల్లెలో పాలిచ్చే దాది ఒడికి వెళ్ళాడు. బతికితే పెరిగి, తిరిగొచ్చి, పని నేర్చుకుని లోకంలో పడ్డాడు. నువ్వున్నావని అతనికెవరూ చెప్పలేదు. తన పేరు మీద ఒక ప్రార్థన సీలు కింద ఎదురుచూస్తోందని తెలియకుండానే ముసలివాడయ్యాడు. ఎంతమంది ఆ వయసు దాకా వచ్చారు గనక! 1756 నుంచి 1760 దాకా, వచ్చిన ప్రతి బిడ్డనూ చేర్చుకున్న ఆ నాలుగేళ్ళలో, దాదాపు పదిహేను వేల మంది వస్తే మూడింట రెండొంతులు మట్టిలో కలిసిపోయారు.

1741 నుంచి 1760 వరకు ఆ గడప దాటిన బిడ్డలు 16,282 మంది. తిరిగి తల్లిదండ్రుల చేతికి అందినవాళ్ళు 152 మంది. ఆ రెండు అంకెల నడుమ ఎన్ని దారులు తెగాయి! జబ్బు చేసి కొందరు తల్లులు పోయి ఉంటారు. కూలి డబ్బు కూడబెట్టలేక కొందరు ఆగిపోయి ఉంటారు. ఆలస్యంగా వచ్చి, బిడ్డ లేడన్న మాట విని వెనుదిరిగిన వాళ్ళూ ఉంటారు. నువ్వు మాత్రం వాళ్ళ మాట పట్టుకునే ఉన్నావు. సిరా వెలిసింది, మడతలు అరిగాయి, ఆ మాట అరగలేదు. ఆశ్రమం దస్తావేజుల్లో, బైండు చేసిన పెద్ద పుస్తకాల నడుమ, ఈనాటికీ అమ్మ పెట్టిన ఆ పేరు పలుకుతున్నావు.

ఉత్తరమా! జ్ఞాపకంగా దాచుకోమని నిన్ను ఎవరూ రాయలేదు. తిరిగి రావడానికి రాశారు. రేపన్నది ఒకటుందని నమ్మి రాశారు. బిడ్డను ఇచ్చేసి వెళ్తూ కూడా, మళ్ళీ ఎత్తుకునే దారి ఒకటి వేసుకుని వెళ్ళిన తల్లి చేవ్రాలువు నువ్వు. ఆకలి ఆమె ఒడిని ఖాళీ చేసింది, ప్రేమను కాదు. నిన్ను ఒక్కసారి చదివినవాళ్ళు, ఆమె బిడ్డను వదిలించుకుందని ఇంకెప్పుడూ అనకూడదు.