పగ ఎవరిమీద?

ప్రతీకార కథ రెండు పనులు చేయగలదు. ప్రేక్షకుడి కోపాన్ని ఒక దుర్మార్గుడి మీదికి మళ్ళించి చల్లార్చగలదు. లేదా ఆ కోపం పుట్టిన చోటేదో వెతికించగలదు. దక్షిణ కొరియా దర్శకుడు పార్క్ చాన్-వుక్ తీసిన మూడు ప్రతీకార చిత్రాల్లో లోకం ఎక్కువగా మెచ్చుకున్నది 2003 నాటి ‘ఓల్డ్‌బాయ్’ని. 2004లో కాన్ చిత్రోత్సవంలో దానికి గ్రాండ్ ప్రి దక్కింది. అయితే రచయితలు ముందుగా చూడవలసింది 2002లో వచ్చిన ‘సింపతీ ఫర్ మిస్టర్ వెంజెన్స్’ అని నా అభిప్రాయం.

ర్యూ మాటా వినికిడీ లేని కార్మికుడు. అక్కకు కిడ్నీ మార్చాలి. ఆ సమయంలోనే అతని ఉద్యోగం పోతుంది. చేతికొచ్చిన కోటి వాన్‌లనూ, అతని కిడ్నీనీ కూడా అవయవాల దొంగవ్యాపారులు కాజేస్తారు. తీరా ఆసుపత్రిలో కిడ్నీ దొరికేసరికి ఆపరేషన్‌కు డబ్బు లేదు. స్నేహితురాలు యోంగ్-మి ప్రోద్బలంతో డాంగ్-జిన్ అనే యజమాని కూతుర్ని ఎత్తుకొస్తాడు. సంగతి తెలిసి అక్క ప్రాణం తీసుకుంటుంది. ఆమెను నది ఒడ్డున పూడుస్తుంటే వెనక పిల్ల నీళ్ళలో మునిగిపోతుంది. ఆ కేక ర్యూకి వినపడదు. ఇక మిగిలింది హత్యలే.

ఈ కథ గాలిలోంచి ఊడిపడలేదు. 1997 చివర కొరియా అంతర్జాతీయ ద్రవ్యనిధి ముందు చేయి చాచింది. 1998 ఫిబ్రవరిలో చట్టం మార్చి కార్మికుల తొలగింపును సులువు చేశారు. చిత్రంలో డాంగ్-జిన్ పనిలోంచి తీసేసిన పెంగ్ అతని కారుకు అడ్డంపడి, కత్తితో తన ఒంటినే కోసుకుంటాడు. యజమాని మీదికి పోవలసిన కోపం సొంత శరీరం మీదికే తిరిగింది.

ఒక సన్నివేశం చెప్పాలి. అక్క నొప్పితో మెలికలు తిరుగుతూ మూలుగుతుంటుంది. పక్కగది కుర్రాళ్ళు ఆ మూలుగును కామకేళి అనుకుని గోడకు చెవులు ఆనిస్తారు. అదే గదిలో ర్యూ అటు తిరిగి నూడిల్స్ తింటుంటాడు. చెవులున్నవాళ్ళు తప్పుగా వింటారు. ప్రేమ ఉన్నవాడికి వినపడదు. ఒక్క డైలాగు లేకుండా సమాజాన్ని చెప్పడమంటే ఇదే.

డాంగ్-జిన్ రాక్షసుడు కాడు, కూతుర్ని పోగొట్టుకున్న తండ్రి. ర్యూ మంచివాడని తనకు తెలుసునని చెప్పి మరీ చంపుతాడు. యజమానిని వట్టి క్రూరుడిగా గీసి తృప్తిపడే మన కథకులు ఇక్కడ ఆగి ఆలోచించాలి. తప్పంతా వ్యక్తి దుర్గుణం మీదికి నెడితే వ్యవస్థ నిర్దోషిగా బయటపడుతుంది.

మరి లోపం లేదా? ఉంది. 1987లో మహత్తర కార్మిక పోరాటాన్నీ, 1996-97లో సార్వత్రిక సమ్మెనూ నడిపిన దేశంలో, ఈ చిత్రంలో ఒక్క కార్మిక సంఘమూ కనిపించదు. రాజకీయం యోంగ్-మి కరపత్రాలకూ, చివర ఎక్కడినుంచో వచ్చి డాంగ్-జిన్‌ను పొడిచే గుంపుకూ కుదించుకుపోయింది. గుండెల మీద కత్తితో గుచ్చిన కాగితాన్ని అతను వంగి చదవబోతాడు. దర్శకుడికి అది చేదు హాస్యం. నాకు మాత్రం అది తప్పించుకోవడంలా కనిపించింది. కళాకారుడు పరిష్కారం చెప్పి తీరాలని నేను అనను. కాని చరిత్రలో కలిసి నిలబడ్డ మనుషుల్ని తెరమీద ఒంటరులుగానే చూపితే, ఆ మినహాయింపు కూడా ఒక దృక్పథమే.

అయినా ఈ చిత్రం పగను రుచిగా వండి వడ్డించలేదు. ప్రతి చావు తర్వాతా మనం ఇంకాస్త పేదవాళ్ళమవుతాం. కోపాన్ని కథగా రాసే ప్రతివారూ తమను తాము అడగవలసిన ప్రశ్నను అది మిగిల్చింది: నా పాఠకుడు ఈ కోపాన్ని ఎక్కడికి తీసుకుపోతాడు?