కర్మాగారం నేర్పిన పాట

వంగపండు ప్రసాదరావు పేరు యెత్తగానే ‘జానపద కవి’ అని తృప్తిపడే అలవాటు మన విమర్శలో వున్నది. పల్లె, గజ్జె, డప్పు — యీ మూడు మాటలతో ఆయన కథ పూర్తయినట్లు భావిస్తాం. ఇది అబద్ధం కాదు, సగం నిజం. ఆయన విశాఖపట్నం హిందూస్థాన్ షిప్ యార్డులో ఫిట్టరుగా పనిచేసిన కార్మికుడు. మిగతా సగం నిజాన్ని ఆ యార్డులో వెతకాలని నా వాదం.

ఆయన 1943లో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టాడు. ఆ కొండల అంచునే 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద కోరన్న, మంగన్న అనే గిరిజనులు భూస్వాముల కాల్పుల్లో మరణించారు. శ్రీకాకుళ పోరాటం రగిలింది. జముకుల కథను ఆ పోరాటానికి ఆయుధం చేసిన సుబ్బారావు పాణిగ్రాహి 1969లో ప్రాణమిచ్చాడు. వంగపండుకు యీ వారసత్వం ఒక చేతినుంచి అందింది. రెండో చేయి విశాఖ కార్మికునిది. 1941లో పునాది పడి, 1948లో ‘జల ఉష’ అనే ఓడను నీటిలోకి దింపిన యార్డు అది.

ఫిట్టరు పని యేమిటి? విడి భాగాలను కూర్చి కదిలేట్లు చేయడం. ఏ చక్రమూ తనంతట తాను తిరగదని అతని చేతులకు తెలుసు. ‘యంత్రమెట్లా నడుస్తు ఉందంటే’ అన్న పాట యీ తెలివిలోనుంచే వచ్చింది. అదనపు విలువను పుస్తకంలో చదువుకొన్నవాడు నిర్వచనంతో మొదలుపెడతాడు. వంగపండు యంత్రంతో మొదలుపెట్టి, దానిని నడిపే శ్రమను చూపుతాడు. బాణీ పల్లెది, తర్కం కర్మాగారానిది. రెండింటినీ కలిపి కూర్చడంలోనే ఆయన కవిత్వం వున్నది.

కర్మాగారంనుంచి పాటకు వచ్చినవాడు ఆయన ఒక్కడే కాదు. అమెరికా నల్లజాతి ప్రజలు చర్చిగీతాన్నీ, తమ బ్లూస్ పాటనూ మేళవించి సృష్టించుకొన్న సంగీతానికి ‘సోల్’ అని పేరు. ఆ సంగీతంలో పాటలు వ్రాసి, రికార్డులు తయారుచేసిన బెర్రీ గోర్డీ అంతకుముందు డెట్రాయిట్‌లో లింకన్-మెర్క్యురీ కార్ల కర్మాగారంలో పనిచేశాడు. 1959లో కుటుంబంవద్ద 800 డాలర్లు అప్పు తీసుకొని సంస్థ పెట్టాడు. అదే తరువాత మోటౌన్ అయింది. కారు వరుసక్రమంలో తయారైనట్లే అక్కడ పాట తయారయేది: వ్రాసేవారు, వాయించేవారు, పాడేవారు, చివరకు బాగోగులు తేల్చే సమావేశం. జాతివివక్ష రాజ్యమేలుతున్న దేశంలో నల్లవారి గొంతును ఇంటింటికీ చేర్చిన ఘనతను తక్కువ చేయరాదు. కాని రికార్డు తరువాత రికార్డుకు ప్రాణం పోసిన వాద్యకారుల పేర్లు 1971లో వచ్చిన ‘వాట్స్ గోయింగ్ ఆన్’ వరకు అట్టలమీదకు యెక్కలేదు. 1988లో గోర్డీ సంస్థను 6 కోట్ల 10 లక్షల డాలర్లకు అమ్మాడు.

గోర్డీ కర్మాగారంనుంచి ఉత్పత్తి పద్ధతిని తెచ్చుకొన్నాడు. వంగపండు ఉత్పత్తి సంబంధాల జ్ఞానాన్ని తెచ్చుకొన్నాడు. మోటౌన్ డెట్రాయిట్‌ను వదిలి లాస్ ఏంజెలెస్‌కు తరలిన 1972లోనే ఇక్కడ జననాట్యమండలి పుట్టింది. దాని స్థాపకులలో వంగపండు ఒకడు. ఆయన వ్రాసిన మూడువందలకు పైగా పాటలలో చాలావాటిని జనం చెవినుంచి చెవికి నేర్చుకొన్నారు, వ్రాసినవాని పేరు తెలియకుండానే పాడుకొన్నారు.

అయితే ఇక్కడా పేరు పోయింది కదా, తేడా యేమిటని ఒక మిత్రుడు అడగవచ్చు. పేరు పోవడం రెండు రకాలు. సమ్మెలో కార్మికుడు పాటను తనదిగా పాడితే కవి పేరు సమూహంలో కలుస్తుంది. సరుకులో పాట కరిగితే కవి పేరుతోబాటు పాట గమ్యంకూడా పోతుంది. ‘యేం పిల్లడో యెల్దమొస్తవ’ సంగతే చూడండి. ‘వెళ్దాం వస్తావా’ అనే మాట ఉత్తరాంధ్ర నోట అలా పలుకుతుంది. ఆ పిలుపు శ్రీకాకుళం కొండలకు, పోరాటానికి పిలుపు. 2009లో ‘మగధీర’ సినిమాపాటలో ఆ మాటలు వినిపించాయి, వంగపండు అభ్యంతరం చెప్పాడు. పిలుపు మిగిలింది, యెక్కడికో మాత్రం మిగలలేదు. సరసానికి పనికివచ్చే పల్లవిగా దిగిపోయింది. ఆయన అభ్యంతరాన్ని కేవలం హక్కుల సొమ్ముకోసం తగవుగా చూడడం పొరపాటు.

ఆయన 2020 ఆగస్టు 4న మరణించాడు. ఆయన పాటను కాగితంమీద మాత్రమే అచ్చువేస్తే సగం చచ్చిపోతుంది, ఎందుకంటే దాని బలం గొంతులో, అడుగులో, గుంపు అందుకొనే వంతపాటలో వున్నది. కనుక ఏ పాట యే సందర్భంలో, యెవరిముందు, యే బాణీలో పాడాడో తెలిసిన పాత కార్మికులు, కళాకారులు వుండగానే ఆ వివరాలను పాటతోసహా సేకరించాలి. యీ పని ప్రభుత్వ బిరుదులు చేయవు. విశాఖలోనూ పార్వతీపురంలోనూ వున్న విద్యార్థులు, ఉపాధ్యాయులు చేయగలరు, చేయాలి.