బొబ్బిలి కథ - చరిత్ర
1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగర ప్రభువు పెద విజయరామరాజు కలిసి బొబ్బిలి కోటను ముట్టడించిరి. రంగారావు నేలకొరిగెను. కొలది దినములకే తాండ్ర పాపారాయుడు విజయరామరాజును సంహరించెను. జానపద గాయకుల బొబ్బిలి కథ ఈ పరాజయమును పౌరుషగాథగా నిలిపినది. అయితే అందు దౌర్జన్యము విజయనగర వంశమునకే స్థిరమైన లక్షణముగా తోచును. చరిత్ర వేరు. 1794 జూలై 10న విశాఖ జిల్లాలోని పద్మనాభమున, పేష్కషు బకాయికై తన సంస్థానమును హరింపజూచిన ఇంగ్లీషు కంపెనీ సేనల నెదిరించి, ఆ వంశీయుడే యగు చిన విజయరామరాజు ప్రాణములర్పించెను. ఈ రెండు రణములను కలిపి చదివినగాని, కథ బోధించు పౌరుషము వంశవైరమును దాటి, దౌర్జన్యము నెదిరించు ధర్మముగా నిలువజాలదని మా యభిప్రాయము.