చేతికి రావలసిన చదువు

నిప్పు గురించి పిల్లలకు పెద్దలు చెప్పే మాట సాధారణంగా ‘ముట్టుకోవద్దు’ అన్నదొక్కటే. అది అవసరమే గాని, మంట లేచాక ఏం చేయాలో చెప్పదు కనుక, ఆ మాటతోనే పెరిగిన పిల్లలు ఆపదలో బయటికి పరుగెత్తడానికి బదులు మంచం కిందకు దూరతారు.

కోతలయ్యాక దొడ్లలో గడ్డివాములు లేచే, తాటాకు పాకలు ఇంకా మిగిలి ఉన్న, ఎండాకాలంలో పడమటి గాలి వీచే చల్లపల్లి వంటి డెల్టా ఊళ్లకు మంట లేచాక ఏం చేయాలో నేర్పే చదువు మరింత అవసరం. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలి ఎందరో అగ్నిమాపక సిబ్బంది మరణించినందుకు గుర్తుగా ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. మండుతున్న సిలిండరుపై తడి గోనెసంచి కప్పి ఆర్పడం సిబ్బంది అప్పుడు చేసి చూపుతారు. అయితే చూసినది చేతికి రాదు; పైగా ఆ వారం వేసవి సెలవుల ముంగిట వస్తుంది కాబట్టి, బడులు తెరిచిన జూన్‌లో ఒకసారి, దీపావళికి ముందు మరోసారి పిల్లల చేత సాధన చేయించాలి.

మంటకు ఇంధనం, వేడి, ప్రాణవాయువు మూడూ కావాలనే సూత్రం, వెలిగే కొవ్వొత్తిపై టీచరు గాజుగ్లాసు బోర్లించగానే పిల్లలకు అర్థమవుతుంది. ఆర్పే పని మాత్రం పెద్దలదే. పొగ వేడికి పైకి లేచి మంచిగాలి నేలకు దగ్గరగా మిగులుతుంది గనుక పాకుతూ బయటపడడం, బట్టలంటుకుంటే పరుగెత్తకుండా ఆగి, పడుకొని, ముఖం కప్పుకొని దొర్లడం, కాలినచోట ఇంకు, టూత్‌పేస్టు పూయకుండా ఇరవై నిమిషాలు చల్లని నీటి ధార కింద ఉంచడం, 101కు ఫోన్ చేసి ఊరు, వీధి, దగ్గరి గుర్తు తడబడకుండా చెప్పడం పిల్లలు నేర్వవలసినవి.

ఇవన్నీ నేర్పినంత మాత్రాన పెద్దల బాధ్యత తీరదు. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో వంటపొయ్యి నిప్పు బడి ఆకుల కప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు బలైపోయారు. రెండో దారి లేని గదిలో ఎంతటి సాధన అయినా అక్కరకు రాదు కనుక, సాధన జరిగిన ప్రతిసారీ తలుపులు, మెట్లు, వంటగది ఎలా ఉన్నాయో పెద్దలు పరీక్షించుకోవాలి.

2014 నుంచి వేకువనే చీపుర్లు పట్టి వీధులూడ్చే స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలున్న ఊరికి పనిలోనే నేర్చుకోవడం కొత్త కాదు. ఆ పట్టుదలలో కొంత బడిపిల్లల అగ్నిరక్షణ సాధనకు కేటాయిస్తే, చుట్టుపక్కల ఊళ్లకూ ఒక దారి ఏర్పడుతుంది.