ఒకే వాకిలి, రెండు కాపురాలు

వరికుంటపాడులో డీటీపీ పెట్టుకున్నవాడు విండోస్‌తో తెగదెంపులు చేసుకోలేడు. అందుకు కారణం అను ఫాంట్లు. శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, తిరునాళ్ల కరపత్రాలు అన్నీ పేజ్‌మేకర్‌లో అనుతో కొట్టినవే. ఆ పేజ్‌మేకర్ 2001లో వచ్చిన 7.0 వెర్షన్‌తోనే ఆగిపోయింది, మా వైపు మాత్రం ఇంకా బువ్వ పెడుతూనే ఉంది. అనులో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల గళ్లలో కూర్చుని ఉంటాయి. ఆ ఫాంటు లేని మిషన్లో ఫైలు తెరిస్తే పెళ్లికూతురి పేరుండాల్సిన చోట కొక్కేలు, చుక్కలు కనపడతాయి. పాత శుభలేఖ ఒకటి పట్టుకొచ్చి, "అన్నా, చిన్నోడికి కూడా ఇదే మోడల్ కొట్టియ్యి" అనే గిరాకీ ఉన్నన్నాళ్లు విండోస్ ఉండాల్సిందే. నెట్టు పనులకు మాత్రం నేను లైనక్స్‌లోకి వెళతాను. ఒకే డిస్కులో రెండూ, డ్యూయల్ బూట్.

2025లో ఈ రెండింటికీ కాలం చెల్లింది. లైనక్స్ వైపు నేను వాడే ఉబుంటు 20.04కు మామూలు సపోర్టు మే నెలతో అయిపోయింది. విండోస్ 10కి అక్టోబర్ 14న ముగిసింది, పేరు నమోదు చేసుకున్నవాళ్లకు ఇంకో ఏడాది గడువిచ్చారు. విండోస్ 11 ఎక్కిద్దామంటే టీపీఎమ్ 2.0 కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరన్నా ఉండాలి. మన షాపుల్లో ఉన్న డబ్బాలకు అంత యోగం ఎక్కడిది!

మరి దేన్ని తీసేయాలి? అందరూ విండోస్ అంటారు, నేను లైనక్స్ అంటాను. విండోస్ 10కి నెట్టు కోసేసి అను పనికి ఉంచుకుంటే దానివల్ల ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. పెన్‌డ్రైవ్‌లు పెట్టేటప్పుడు మాత్రం కాస్త చూసుకోవాలి. నెట్టులో తిరిగేది లైనక్స్ కాబట్టి కొత్తది పడాల్సింది అక్కడే. పాత ఉబుంటు తీసి లైనక్స్ మింట్ 22 వేస్తే 2029 దాకా దిగుల్లేదు.

అయితే చెయ్యి పెట్టేముందు చూడాల్సింది ఒకటుంది. డ్యూయల్ బూట్ అంటే ఉమ్మడి ఇల్లు. అన్నదమ్ముల కాపురాలు వేరైనా వీధి వాకిలి ఒకటే, తాళంచెవి ఒకరి దగ్గరే ఉంటుంది. ఇక్కడ ఆ తాళంచెవి గ్రబ్ అనే బూట్‌లోడర్. దుత్తలూరు కుర్రాడొకడు విండోస్‌లో కూర్చుని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో లైనక్స్ పార్టిషన్ చెరిపేశాడు. "అన్నా, లైనక్స్ తీసేస్తే విండోస్ కూడా రావడంలా" అని సీపీయూ మోసుకొచ్చాడు. ఆన్ చేస్తే నల్లటి తెర మీద గ్రబ్ రెస్క్యూ అన్న తెల్లక్షరాలు తప్ప ఇంకేం లేదు. పాతకాలం బయోస్ మిషన్లలో గ్రబ్ మొదటి ముక్క డిస్కు మొదట్లో ఉంటుంది, మిగతాది లైనక్స్ పార్టిషన్‌లో ఉంటుంది. రెండోది పోతే మొదటిది దిక్కులు చూస్తుంది. విండోస్ మాత్రం లోపల క్షేమంగానే ఉంది, బూట్ రికార్డు మళ్లీ రాయిస్తే లేచి కూర్చుంది. యూఈఎఫ్ఐ మిషన్లలో ఇంత గోల లేదు, బూట్ మెనూలో విండోస్ బూట్ మేనేజర్‌ను ఎంచుకుంటే చాలు. పోయిన లైనక్స్ పేరు మాత్రం ఆ జాబితాలో వేలాడుతూ ఉండొచ్చు.

చెరపకుండా ఒకదాని మీద ఇంకోటి వేయడమే నా పద్ధతి. ముందు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయాలి, బిట్‌లాకర్ ఉంటే దాని 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోవాలి. మింట్ ఇన్‌స్టాలర్ ఎక్కడ వేయమంటావని అడిగినప్పుడు "సమ్‌థింగ్ ఎల్స్" నొక్కాలి. అప్పుడు పార్టిషన్లన్నీ వరసగా వస్తాయి. ఎన్‌టీఎఫ్ఎస్ అని ఉన్నవి విండోస్‌వి, వాటి జోలికి పోవద్దు. ఈఎక్స్‌టీ4లో లైనక్స్ సిస్టమ్ ఉండే రూట్ ఏదో సైజు చూసి పోల్చుకుని, దానికి మాత్రమే ఫార్మాట్ టిక్కు పెట్టాలి. హోమ్ వేరే పార్టిషన్‌గా ఉంటే టిక్కు లేకుండా చూపించాలి, ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. యూఈఎఫ్ఐ మిషనైతే పైన వంద ఎంబీల ఈఎఫ్ఐ పార్టిషన్ ఒకటి కనిపిస్తుంది. ఇంతే కదా అని ఫార్మాట్ కొట్టారో, విండోస్ లేచే దారి కూడా దాంతోపాటే పోతుంది. కరెంటు సంగతి మనకు తెలిసిందే, యూపీఎస్ బ్యాటరీ నిండాకే కూర్చోండి.

అంతా అయ్యాక విండోస్‌లోకి వెళితే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోయి ఉంటుంది. మదర్‌బోర్డు గడియారంలో ఉన్నది గ్రీన్‌విచ్ టైమని లైనక్స్ అనుకుంటుంది, మన టైమని విండోస్ అనుకుంటుంది. లైనక్స్‌కు లోకల్ టైమ్ వాడమని ఒక్కసారి చెబితే ఆ తగువు తీరిపోతుంది.

ఇక లైనక్స్‌లో తెలుగు సంగతి. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థవాళ్లు లైనక్స్‌ను తెలుగులోకి తెచ్చి చాలా కాలమైంది, పిల్లల కోసం బాల స్వేచ్ఛ కూడా చేశారు. అయినా మా ఉదయగిరి వైపు మెనూలు తెలుగులో కావాలని ఎవరూ అడగరు, శుభలేఖకు మంచి ఫాంటు ఉందా అని అడుగుతారు. ఉంది. మండలి, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి, ఇంక్‌స్కేప్‌లోనూ లిబ్రె ఆఫీసులోనూ చక్కగా వస్తాయి. డీటీపీ తమ్ముళ్లూ, పాత అను ఫైళ్లను పీడీఎఫ్‌లుగా కూడా దాచి పెట్టుకోండి. రేపు వచ్చే కొత్త శుభలేఖ మాత్రం యూనికోడ్‌లో కొట్టండి.