దారి పేరులో ఇద్దరు

తైవాన్ వాయవ్య కొండల్లో, తావోయువాన్ నుంచి తైచుంగ్ దాకా, దాదాపు 220 కిలోమీటర్ల కాలిదారి ఒకటుంది. పేరు రాక్నస్ సేలు. రాక్నస్ అంటే అక్కడి ఆదివాసులైన సైసియాత్, అతయల్ ప్రజల మాటల్లో కర్పూరం చెట్టు. సేలు అంటే హక్కా భాషలో సన్నదారి. పాత బాటల్ని వెతికి, బాగుచేసి, ఒకదానికొకటి కలిపి కట్టిన దారి ఇది. నేను దీన్ని పుస్తకంలానే చదువుతాను. ముందు పేరు, తర్వాత లోపలిది.

పేరు బాగుంది. మరీ బాగుందేమో అనే నా అనుమానం. రెండు భాషలు పక్కపక్కన కూర్చుంటే ఆ మనుషులూ అలాగే కూర్చున్నారనిపిస్తుంది. చరిత్ర అలా లేదు.

హారతి పళ్లెంలో వెలిగి ఆరిపోయే కర్పూరం మనకు తెలుసు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో అదే కర్పూరం సెల్యులాయిడ్‌కి ముడిసరుకు. తొలినాటి సినిమా రీళ్లు దాంతోనే తయారయ్యాయి. ప్రపంచానికి అది ఎక్కువగా అందింది తైవాన్ అడవుల నుంచే. చెట్టు కొట్టి, ముక్కలు చెక్కి, ఆవిరి పట్టి తీసేవాళ్లు. దగ్గర్లో చెట్లు అయిపోతే ఇంకా లోపలికి పోవాలి. అలా పోయినవాళ్లలో చాలామంది హక్కాలు. ఆ అడవేమో సైసియాత్, అతయల్ ప్రజలది. సేలు ముందుకు సాగినకొద్దీ రాక్నస్ వెనక్కి జరిగింది.

ఈ దారిలోనే వచ్చే బేపు అనే ఊళ్లో ఇంకో పేరుంది: జిన్-గ్వాంగ్-ఫు. 1830లలో పుట్టిన భూముల కంపెనీ అది. దాని భవనం ఇప్పటికీ నిలిచి ఉంది. జిన్ అంటే బంగారం, గ్వాంగ్ అంటే హక్కాలు వచ్చిన గ్వాంగ్‌డాంగ్, ఫు అంటే ఫుజియన్. వలసొచ్చిన రెండు వర్గాలు డబ్బు కలిపి, కాపలా మనుషుల్ని పెట్టి, సైసియాత్‌ల నేలలోకి చొచ్చుకుపోయాయి. ఆ పేరులోనూ ఇద్దరు చక్కగా కలిశారు. నేల ఎవరిదో వాళ్లే లేరు.

ఈ రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి చూస్తే రాక్నస్ సేలు ఎంత దూరం వచ్చిందో తెలుస్తుంది. మూడోవాళ్లకి చోటిచ్చింది, అదీ మొదటి మాటగా. పైగా దోషులు, బాధితులు అని గీత గీసి వదిలేసే కథ కాదిది. 1907లో ఇదే బేపులో హక్కాలూ కొందరు సైసియాత్‌లూ కలిసి జపాన్ పాలకుల మీద తిరగబడ్డారు.

నా పేచీ వేరే మాటతో. ఈ దారి పక్కనే సాగే మూడో నంబరు రహదారిని ప్రభుత్వం ‘రొమాంటిక్’ అని ప్రచారం చేసింది. ఆ మాట వినగానే టీ తోటలు, పాత ఇళ్లు, ఫొటోలు. కాపలా మనుషులు కనబడరు.

దారిని బాగుచేసిన తీరు మాత్రం ఆ ప్రచారం కంటే నిజాయితీగా ఉంది. చాలాచోట్ల వాలంటీర్లు సిమెంటు పోయకుండా, చుట్టుపక్కల దొరికే రాయీ కర్రతో చేత్తోనే మెట్లు పేర్చారు. అలాంటి మెట్టు వానకి కదులుతుంది. మళ్లీ ఎవరో ఒకరు వచ్చి సర్దాలి. ఈ పేరుకీ ఆ మరమ్మతే కావాలి. ఒకసారి పెట్టేసి, లెక్క తేలిపోయిందనుకుంటే కుదరదు. నడిచేవాళ్లు బేపులో కాసేపు ఆగి, ఆ కంపెనీ పేరు కూడా అక్షరం అక్షరం విడదీసి చదివితే, అది మొదలవుతుంది.