హరణ కథల్లో కథానాయిక సమ్మతి: సుభద్ర నుంచి అన్నాంబిక దాకా

వీరుడు కన్యను ఎత్తుకొనిపోవడం, ఆమె అతనికి లొంగక ఎదురాడడం, ఆ వైరమే క్రమంగా వలపుగా మారడం చారిత్రక ప్రణయ కథల్లో మిక్కిలి ప్రచారం పొందిన ఇతివృత్తం. స్కాట్లాండు కొండసీమ యోధుల కథలు దీనికి ప్రపంచ ప్రసిద్ధిని తెచ్చాయి. తెలుగు పాఠకునికి ఈ ఇతివృత్తం కొత్తది కాదు. సుభద్రా పరిణయం, రుక్మిణీ కల్యాణం మనకు తరతరాలుగా తెలిసిన హరణ కథలే. హరించినవాడు ఏ ఘట్టంలో నాయకుడవుతున్నాడు, ఆమె మాట హరణానికి ముందు వినిపిస్తున్నదా, తరువాత వినిపిస్తున్నదా అన్న ప్రశ్నలతో ఆ కథలను, అడివి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’ నవలను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కొండసీమ కథల వెనుక ఉన్న చరిత్రను మొదట గమనించాలి. రాబ్ రాయ్ కుమారుడు రాబిన్ ఓయిగ్ మెక్‌గ్రెగర్ 1750 డిసెంబరులో జీన్ కే అనే యువ వితంతువును ఇంటినుంచి బలవంతంగా తీసుకొనిపోయి పెళ్ళాడాడు. ఆమె ఆస్తిపరురాలు కావడమే అందుకు ప్రధాన కారణం. 1751లో ఆమె మరణించింది. అంతకుముందు ఆమె ఇచ్చిన వాంగ్మూలం మాత్రం నిలిచింది. రాబిన్‌ను 1754లో ఎడింబరోలో ఉరితీశారు. వాల్టర్ స్కాట్ తన ‘రాబ్ రాయ్’ నవలకు తరువాత చేర్చిన పీఠికలో ఈ ఉదంతాన్ని వివరించాడు. చరిత్రలో ఉరికంబానికి దారితీసిన చర్యను తరువాతి ప్రణయ కథలు పూలదండతో ముగించాయి. ఈ రెంటికీ నడుమ లోపించినది ఆమె మాట.

మన ధర్మశాస్త్రం ఈ విషయంలో కొంత స్పష్టంగానే ఉంది. బంధువులను చంపి, గాయపరచి, ఇల్లు భేదించి, ఏడ్చి మొరపెట్టుకొంటున్న కన్యను బలాత్కారంగా తీసుకొనిపోవడం రాక్షస వివాహమని మనుస్మృతి నిర్వచించింది. పరస్పరానురాగంతో కలిసేది గాంధర్వం. ఈ రెండూ విడివిడిగా గాని కలిసి గాని క్షత్రియులకు ధర్మ్యమేనని ఆ స్మృతి అంగీకరించింది. విమర్శకు పనికివచ్చే అంశం ఈ ‘కలిసి’ అన్న వికల్పంలో ఉంది. మన కావ్యాల్లోని హరణాలు పైకి రాక్షసం, లోపల గాంధర్వం. ఆ లోపలి భాగాన్ని కవి ఎంత మేరకు చూపాడన్నదే విమర్శకు కొలమానం కావాలి.

వ్యాసభారతంలో సుభద్రను చూసి మోహించిన అర్జునునికి కృష్ణుడు చేసిన ఉపదేశం ఆలోచింపదగినది. స్వయంవరంలో కన్య మనసు ఎటు మొగ్గుతుందో చెప్పలేం కనుక హరణమే మేలని అతని వాదం. అంటే ఆమెకు నిర్ణయించుకొనే అవకాశం రాకుండా చేయడానికే హరణం. రైవతకానికి ప్రదక్షిణం చేసి వస్తున్న సుభద్రను అర్జునుడు రథమెక్కించుకొని పోయాడు. అక్కడ ఆమె మాట వినిపించదు. ఈ లోటును తరువాతి సంప్రదాయం గుర్తించింది. భారతపు దాక్షిణాత్య పాఠంలో అర్జునుడు యతివేషంలో ద్వారక చేరతాడు. సుభద్ర అతనికి పరిచర్య చేస్తుంది, అనురాగం ఏర్పడుతుంది, చివరకు ఆమే రథపు పగ్గాలు పట్టుకొంటుంది. హరణమైన స్త్రీయే రథసారథి కావడంతో హరణమన్న మాటకు అర్థమే మారిపోయింది. తంజావూరులో చేమకూర వేంకటకవి ‘విజయవిలాసం’లో ఈ ప్రణయాన్నే పెంచి శృంగార ప్రబంధంగా తీర్చాడు.

రుక్మిణి కథలో ఈ క్రమం మరింత స్పష్టం. ఆమె అగ్నిద్యోతనుని ద్వారా కృష్ణునికి సందేశం పంపింది. వివాహానికి ముందు తాను గౌరీపూజకు నగరం వెలుపలికి వస్తానని, అప్పుడు తనను తీసుకొనిపొమ్మని ఉపాయమూ తానే చెప్పింది. పోతన భాగవతంలో ఈ ఘట్టం తెలుగువారి నోళ్ళలో నిలవడానికి పద్య మాధుర్యంతోపాటు ఈ నిర్మాణమూ కారణమే. ఇక్కడ హరణానికి కర్త కృష్ణుడు, కారయిత్రి రుక్మిణి.

ఈ చర్చలో నిజామాబాద్ ప్రాంతానికీ చోటుంది. నిజాం చక్కెర కర్మాగారంతో ఇరవయ్యో శతాబ్దంలో పేరొందిన బోధన్ ప్రాచీన కాలంలో పోదనం. వేములవాడ చాళుక్యుల తొలి కేంద్రం ఇదేనని చరిత్రకారుల అభిప్రాయం. ఆ వంశపు రెండవ అరికేసరి ఆస్థానకవి పంపడు 941లో కన్నడంలో ‘విక్రమార్జున విజయం’ రచించాడు. తన ప్రభువును అర్జునునితో అభేదంగా వర్ణించిన ఆ కవి ద్రౌపదిని అర్జునునికి మాత్రమే భార్యను చేశాడు. అయినా కావ్యాంతంలో అర్జునుని పక్కన పట్టాభిషిక్తురాలైనది సుభద్ర. అరికేసరి రాష్ట్రకూటుల ఆడపడుచును వివాహమాడాడు. రాష్ట్రకూటులు తమను యదువంశీయులుగా చెప్పుకొన్నారు. సుభద్ర యాదవ కన్య. ఈ అన్వయాన్ని అంగీకరిస్తే సింహాసన గౌరవం దక్కింది సుభద్ర వ్యక్తిత్వానికి కాదు, ఆమె పుట్టింటికి. పట్టమహిషి పదవి సమ్మతికి ప్రత్యామ్నాయం కాజాలదని ఈ కావ్యం పరోక్షంగా తెలుపుతున్నది.

ఆధునిక కాలంలో ఈ ఇతివృత్తాన్ని తలకిందులు చేసినవాడు బాపిరాజు (1895–1952). గోన గన్నారెడ్డి చారిత్రక వ్యక్తి. రాయచూరు కోటలోని 1294 నాటి తెలుగు శాసనంలో అతని పేరు ఉంది. అన్నాంబికతో అతని ప్రణయం నవలాకారుని సృష్టి. నవలలో గజదొంగగా పేరుపడిన గన్నారెడ్డి పెళ్ళిపందిటినుంచి ఎత్తుకుపోయింది పెళ్ళికూతురిని కాదు, పెళ్ళికొడుకును. ఆ పెళ్ళి అన్నాంబికకు ఇష్టం లేనిది. ఆ తరువాత ఆమె రుద్రమదేవి కొలువు చేరి యోధురాలిగా ఎదుగుతుంది, గన్నారెడ్డిని వరిస్తుంది. పరాక్రమం ఇక్కడ ఆమెను బంధించడానికి కాక ఆమెకు వ్యవధి కల్పించడానికి వినియోగమైంది. హరణానికీ వివాహానికీ నడుమ ఆమె సొంత జీవితం ఒకటి ఏర్పడింది. స్త్రీ రాజ్యమేలుతున్న ఓరుగల్లును నేపథ్యంగా ఎంచుకోవడం వల్ల ఈ మార్పుకు సహజత్వం సిద్ధించింది.

ప్రాచీన రచనల్లో సమ్మతిని వెదకడం కాలవిరుద్ధమని ఒక ఆక్షేపణ రావచ్చు. కాని ఆ ప్రశ్న మనం బయటినుంచి తెచ్చింది కాదు. కన్య మనసు అనిశ్చితమని కృష్ణుడే శంకించాడు. ఏడుస్తున్న కన్యను స్మృతికారుడే ప్రస్తావించాడు. ఆ శంకకు సమాధానంగానే సుభద్ర పగ్గాలు పట్టింది, రుక్మిణి సందేశం పంపింది. అయితే ఈ పరిష్కారాలకు ఒక పరిమితి ఉంది. నాయిక ముందే ప్రేమించిందని చెప్పడం వల్ల ప్రేమించని కన్య సంగతి కథ పరిధి దాటిపోతుంది. జీన్ కే వంటివారికి ఈ కావ్యాల్లో చోటు లేదు.

అందువల్ల తరగతి గదిలో ఈ ఘట్టాలను బోధించేటప్పుడు శృంగార వీర రసాల పోషణతోపాటు, సమ్మతి ఏ సందర్భంలో, ఎవరి నోట, హరణానికి ఎంత ముందుగా వ్యక్తమైందో కూడా పరిశీలింపజేయడం అవసరం. హరణానంతరం పుట్టిన అనురాగాన్ని హరణానికి సమర్థనగా స్వీకరించకపోవడం ఆ పరిశీలనకు తొలి మెట్టు.